బావిలో పడ్డ బర్రెను ఎట్లా తీయాలి

ఫైర్‌మన్‌గా చేరిన రెండో ఏడు ఎండాకాలంలో నా చేతుల్లో ఒక బర్రె చనిపోయింది. ఈ సంగతి మా బాపుకు తప్ప నేను చాలా కాలం ఎవరికీ చెప్పుకోలేదు.

అప్పుడు నాకు మహబూబాబాద్ జిల్లాలో, తొర్రూరు వైపు డ్యూటీ. పొద్దున ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది. ఒక ఊరి బయట పాత వ్యవసాయ బావిలో బర్రె పడిందట. మేం వెళ్లేసరికి అది రెండు గంటల నుంచి ఈదుతూనే ఉంది. ముట్టె ఒక్కటే నీళ్ల పైన కనిపిస్తోంది. బావి చుట్టూ ఊరంతా మూగి, తలా ఒక సలహా ఇస్తున్నారు. కొమ్ములకు కట్టమని ఒకరు, కాళ్లకు కట్టమని ఇంకొకరు. ఎవరో అప్పటికే జేసీబీని పిలిపించారు.

మా శిక్షణలో నిచ్చెన మీద మనిషిని భుజాన వేసుకుని దిగడం నేర్చుకున్నాం. పొగ నిండిన గదిలో నేల మీద పాకుతూ తలుపు వెతుక్కోవడం నేర్చుకున్నాం. పశువుల గురించి కూడా ఒక పేజీ ఉండేదేమో, నాకు మాత్రం గుర్తులేదు. ఆ రోజు బావిలోకి దిగింది నేను. కడుపు కింద నుంచి తాడు వేయబోతే బర్రె తన్నుకుంది, తాడు అందలేదు. పైనుంచి కేకలు ఎక్కువయ్యాయి. మునిగిపోతుందన్న భయంతో మెడకు వేసి ముడి బిగించాను. ఆ ముడి వేసింది నేనే. జేసీబీ పైకి లాగగానే ఒళ్లంతటి బరువూ మెడ మీద పడింది. గడ్డ మీదికి చేరేసరికి దానికి ఊపిరి లేదు.

బర్రె ఒక ముసలి అవ్వది. ఆమె ఏడుస్తుందని, తిడుతుందని అనుకున్నాను. ఆమె వచ్చి దాని పక్కన కూర్చుని, మెడలో దిగిపోయిన తాడును రెండు చేతులతో వదులు చేయసాగింది. ముడి బిగిసిపోయి రావడం లేదు. నేను కత్తితో కోశాను. ఆమె నా వైపు చూసి, "నీళ్లు తాగు బిడ్డా, మొకమంత పీక్కపోయింది," అంది. ఆ మాట తిట్టు కంటే ఎక్కువగా తగిలింది.

ఆ వారం సెలవు పెట్టి టేకుమట్ల దగ్గర మా ఊరికి వెళ్లాను. మాది భూపాలపల్లి వైపు వ్యవసాయ కుటుంబం. నేను పుట్టింది మొదలు ఇంట్లో పశువులున్నాయి. అన్నం తింటూ మా బాపుతో జరిగింది చెప్పాను. ఆయన చేయి ఆపి అడిగాడు.

"మెడకెందుకేసినవ్‌రా?"

తను వయసులో ఉన్నప్పుడు ఊరి ఎద్దు ఒకటి బావిలో పడితే నలుగురు కలిసి ఎట్లా తీశారో ఆయన చెప్పాడు. ముందుకాళ్ల వెనక, ఛాతీ కింద నుంచి తాడు పోనిచ్చి, కోసుకుపోకుండా మధ్యలో గోనె సంచులు మడిచి పెట్టారట. ఇదంతా చిన్నప్పుడు నేనూ వినే ఉంటాను. కానీ యూనిఫాం వేసుకుని బావి గడ్డ మీద నిలబడ్డాక, నేను పశువుల మధ్య పెరిగినవాణ్ణన్న సంగతే మర్చిపోయాను. బాపు నా పళ్లెంలో పెరుగు వేసి తినమన్నాడు.

తిరిగి వచ్చాక మా స్టేషన్ ఆఫీసర్‌తో మాట్లాడాను. ఇట్లాంటి పనులకు మాకు ఎవరైనా నేర్పితే బాగుంటుందని అడిగాను. ఆయన ఆ మాటను పైవాళ్ల దాకా తీసుకెళ్లాడు. నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత ఒకరోజు కాగితం వచ్చింది. జనగామలో ఐదు రోజుల శిక్షణ, చుట్టుపక్కల స్టేషన్ల నుంచి పన్నెండు మంది వెళ్లాలి. మా స్టేషన్ నుంచి నేనూ, మా లీడింగ్ ఫైర్‌మనూ వెళ్లాం.

ఈ లీడింగ్ ఫైర్‌మన్ గురించి చెప్పాలి. మేమంతా ఆయన్ని అన్నా అనే పిలిచేవాళ్లం. అప్పటికి ఉద్యోగం రెండేళ్లే మిగిలింది. పత్తి మిల్లు తగలబడినప్పుడు కాలిన మచ్చ ఆయన ఎడమ చేతి మీద మోచేయి దాకా ఉంది. మంట నాలుకలు చాస్తుంటే లోపలికి వెళ్లి గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చిన మనిషి. అయితే పశువుల కోసం పిలుపు వచ్చినప్పుడు మాత్రం బండి దగ్గరే ఉండిపోయేవాడు. పంపు చూసుకోవాలనో, జనాన్ని ఆపాలనో ఏదో ఒక పని పెట్టుకునేవాడు. నేను దాన్ని పెద్దరికం అనుకున్నాను.

మాకు నేర్పడానికి వచ్చింది ఒక పశువుల డాక్టరమ్మ. యాభై దాటిన మనిషి, కాళ్లకు రబ్బరు బూట్లు. మొదటి రోజు మేం తాళ్లు, కప్పీలు అన్నీ సర్దుకుని తయారుగా నిలబడితే, వాటిని బండిలోనే పెట్టేయమంది. ఊరి బయట ఒక పాల కొట్టానికి తీసుకెళ్లింది. అక్కడ ఇరవై దాకా బర్రెలున్నాయి.

"ఇయ్యాల తాడు ముట్టేది లేదు. కూసోండ్రి, చూడుండ్రి," అంది. రెండు గంటలు ఆ పని తప్ప ఇంకేం చేయనివ్వలేదు.

మొదటి అరగంట మాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత నిజంగానే చూడటం మొదలుపెట్టాం. బర్రె చెవులు రెండూ ఒకే వైపు తిరగవని, ఒకటి మన వైపు ఉంటే రెండోది ఇంకెక్కడో వింటుందని నేను అప్పుడే గమనించాను. బెదిరినప్పుడు తోక ముడుచుకుంటుంది. కదలబోయే ముందు బరువంతా ఒక కాలి మీదికి మారుస్తుంది. ఎక్కడ నిలబడితే మనిషి దానికి కనిపించడో, ఎందుకు అక్కడ నిలబడకూడదో అర్థమైంది. సమయం అయిపోయాక ఆమె ఒక్కొక్కరినీ ఏం చూశావని అడిగింది. అన్న వంతు వచ్చింది. ఆయన కొట్టం గోడకు ఆనుకుని, అందరికంటే దూరంగా ఉన్నాడు.

"ఆ చివర్ది నన్నే చూస్తుంది మేడం," అన్నాడు.

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. చెప్పింది సరిగ్గా ఉందని, ఎవరు భయపడుతున్నారో పశువుకు ముందే తెలుస్తుందని అంది. ఆ సాయంత్రం మేం ఉండే గదిలో అన్న తన చొక్కా ఎత్తి పక్కటెముకల కింద పాత కుట్ల గుర్తు చూపించాడు. ఎనిమిదేళ్ల వయసులో బర్రె పొడిచిందట. నెల రోజులు దవాఖానలో ఉన్నాడట. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఈ విషయం ఎవరికీ చెప్పలేదన్నాడు. మంటంటే భయం లేదు కానీ కొమ్ములు చూస్తే కాళ్లు ఆడవని చెప్పి, దీపం ఆర్పేశాడు.

రెండో రోజు మేమే ఒక బర్రెను తయారు చేసుకున్నాం. పాత లారీ టైర్లు, ఇనుప చట్రం, తడి ఇసుక నింపిన గోనె సంచులు. నిజమైన బర్రె ఎంత బరువుంటుందో అంత బరువు వచ్చేదాకా సంచులు ఎక్కించాం. కొమ్ములకు సైకిల్ హ్యాండిల్ కట్టాం. ఇక బెల్టుల సంగతి. తాడు సన్నగా ఉంటుంది కాబట్టి ఒంట్లోకి దిగుతుంది, వెడల్పుగా ఉండేది కావాలి. మంటలార్పే హోస్ పైపులు పాతబడి చిల్లులు పడితే స్టేషన్లలో ఓ మూల పడి ఉంటాయి. నీళ్లు లేనప్పుడు అవి అరచేయంత వెడల్పుతో బల్లపరుపుగా ఉంటాయి. వాటిని పక్కపక్కన పెట్టి కుట్టిస్తే మంచి బెల్టులవుతాయని డాక్టరమ్మే చెప్పింది. జనగామలో లారీ టార్పాలిన్లు కుట్టే ఒకాయన పూటలో ఎనిమిది బెల్టులు కుట్టిచ్చాడు. దేనికో తెలిశాక ఒక్కో కుట్టు మీద రెండోసారి మిషన్ నడిపాడు.

ఒక బెల్టు ముందుకాళ్ల వెనక ఛాతీ కింద నుంచి, రెండోది వెనక కాళ్లకు ముందు, పొదుగుకు తగలకుండా. రెండూ జారిపోకుండా పక్కల నుంచి ఒకదానికొకటి కట్టాలి. మెడకు, కాళ్లకు, తోకకు ఏదీ కట్టకూడదు. కళ్లకు తడి గుడ్డ కప్పాలి. బెల్టును కడుపు కింద నుంచి అవతలికి తోయడానికి పొడుగాటి వెదురు బద్ద వాడాలి, అవతల దాన్ని అందుకోవడానికి రెండో మనిషి ఉండాలి. పైన క్రేన్‌కు సైగ చేసేది ఒక్కరే. మిగతా అందరూ నోరు మూసుకోవాలి. ఆమె అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఈ ఆఖరి మాటే.

మూడో రోజు మా సంచుల బర్రెను నీళ్లు తక్కువగా ఉన్న ఒక పాడు బావిలోకి దించి, తిరిగి తీయడం సాధన చేశాం. బావిలో గాలి ఎట్లా ఉందో ముందే చూసుకోవడం, మాస్కులు, నడుముకు తాడు, ఇవి మాకు తెలిసినవే. డాక్టరమ్మ వాటిని మా దగ్గర నేర్చుకుంది. నా వంతు వచ్చినప్పుడు వెనక బెల్టు సరిగా పడలేదు. సగం దాకా లేచిన సంచుల బర్రె ఒక్కసారిగా పక్కకు ఒరిగి, జారి బావిలో పడింది. సంచులు పగిలి ఇసుకంతా నీళ్లపాలైంది. నేను పైకి వచ్చి అక్కడే కూర్చుండిపోయాను.

డాక్టరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "గిది సంచి. మళ్లా నింపుకుందాం," అంది.

అప్పుడు ఆమెకు ఆ ఎండాకాలం సంగతి చెప్పాను. ఆమె ఓదార్చలేదు. బర్రె అప్పటికి ఎంతసేపు ఈదింది, ఎట్లా కట్టావు, ఎంత ఎత్తుకు లేచాక ఊపిరి ఆగింది, అన్నీ విడివిడిగా అడిగింది. అన్నీ విన్నాక, "ముడి నీదే. కాని నేను ఇరవై ఏండ్ల సంది గీ జిల్లాల్లోనే ఉన్న. ఒక్కనాడన్న మీ స్టేషన్‌కొచ్చి గిట్ల కట్టాలె అని చెప్పిననా? చెప్పలే. అందుకే ఇప్పుడొచ్చిన," అంది. తర్వాత లేచి సంచులు నింపమంది. ఆ సాయంత్రం దాకా అదే పని ఆరుసార్లు చేశాను. ఆరోసారి సంచుల బర్రె అడ్డంగా, సమంగా, నీళ్లు కారుస్తూ పైకి వచ్చింది.

నాలుగో రోజు కుక్కలు, కోతులు, పక్షులు. స్టీలు చెంబులో తల ఇరికిన కోతికి నూనె ఎట్లా రాయాలో, గాలిపటం దారం చుట్టుకున్న పక్షి రెక్కను ఎట్లా పట్టుకోవాలో చెప్పింది. ఐదో రోజు పాల కొట్టంలో ఒక నెమ్మదైన ముసలి బర్రెకు మేమంతా ఒకరి తర్వాత ఒకరం బెల్టులు వేసి తీశాం. అన్న దాని దగ్గరికి పోలేదు. డాక్టరమ్మ బలవంతం చేయలేదు. చేయి చాపి దానికి వాసన చూపించమని మాత్రం అడిగింది. ఆయన చేయి చాపాడు. బర్రె ముక్కు దగ్గరికి రాగానే వెనక్కి తీసుకున్నాడు. అంతవరకే జరిగింది.

వానలు తగ్గిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం మాకు తండా నుంచి ఫోన్ వచ్చింది. మహబూబాబాద్ వెళ్లే దారిలోంచి లోపలికి నాలుగు కిలోమీటర్లు. చూడి బర్రె, ఈనడానికి నెల కూడా లేదు, బావి గోడ కూలి అందులో పడిపోయింది. దాని యజమాని ముప్పై ఏళ్ల లంబాడా ఆమె. భర్త హైదరాబాద్‌లో భవనాల పనికి వెళ్లాడు. ఇద్దరు పిల్లలు, ముసలి అత్త, ఈ బర్రె ఆమె చేతి మీద ఉన్నారు.

బావిలో ఛాతీ లోతు నీళ్లు, కింద బురద. బర్రె ముందుకాళ్లు బురదలో దిగబడి నిలబడే ఉంది. శ్వాస మాత్రం బుసలా వినిపిస్తోంది. దగ్గర్లోని రాళ్ల క్వారీ నుంచి క్రేన్ పిలిపించాం. అన్న మొదట చేసిన పని జనాన్ని ఇరవై అడుగులు వెనక్కి పంపడం. గొంతు పెంచకుండా, దండం పెడుతూ అడిగాడు. తండావాళ్లు విన్నారు. గాలి చూసుకుని, నడుముకు తాడు కట్టుకుని నేను దిగాను.

అవతల బెల్టు అందుకోవడానికి రెండో మనిషి కావాలి. స్టేషన్‌లో మిగతావాళ్లకు మేం సంచుల మీద నేర్పాం కానీ, వాళ్లలో ఎవరూ నిజంగా దిగి చేసినవాళ్లు కాదు. పైన కాసేపు మాటలు వినిపించాయి. ఆ తర్వాత నిచ్చెన మీద బూట్లు కనిపించాయి. తల ఎత్తి చూస్తే అన్న.

"అన్నా, నువ్వెందుకు," అన్నాను.

"నేనే దిగుతా తమ్మీ. నువ్వు నీ పని చూసుకో," అన్నాడు.

బర్రె మమ్మల్ని చూసి తల విసిరింది. కొమ్ము బావి గోడకు తగిలి మట్టి రాలింది. అన్న నిచ్చెన పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. అప్పుడు పైనుంచి ఆ యజమాని గొంతు వినిపించింది. ఆమె గడ్డ మీద బోర్లా పడుకుని, తల లోపలికి వంచి, వాళ్ల భాషలో బర్రెతో మాట్లాడుతోంది. వెనక ఇద్దరు ఆడవాళ్లు ఆమె కాళ్లు పట్టుకున్నారు. నాకు లంబాడీ రాదు. యాడీ, యాడీ అని మధ్యమధ్యలో అంటోంది. అంటే అమ్మ అని మాత్రం తెలుసు. బర్రె చెవులు రెండూ పైకి, ఆమె వైపు తిరిగాయి. రెండూ ఒకేసారి ఒకే వైపు తిరగడం నేను చూసింది అదే మొదటిసారి. తల విసరడం ఆపింది.

ఆమెను మాట్లాడుతూనే ఉండమని చెప్పాను. జబ్బ పక్క నుంచి దగ్గరికి వెళ్లి దాని మీద చేయి వేశాను. అన్న నీళ్లను నెట్టుకుంటూ రెండో పక్కకు వచ్చాడు. ఆయన అరచేయి దాని మెడ మీద పడింది. ఈసారి వెనక్కి తీసుకోలేదు.

"నాకు నువ్వంటే భయమే," అని ఆయన బర్రెతో మెల్లగా అనడం విన్నాను. "జర ఓర్సుకో. నేను గూడ ఓర్సుకుంట."

వెదురు బద్దకు బెల్టు చుట్టి కడుపు కింద నుంచి తోశాను. బురద నీళ్లలో ఆయనకు చివర దొరకలేదు. ఊపిరి బిగబట్టి తల ముంచాడు. బర్రె కాళ్ల మధ్యకు, దాని కడుపు కిందికి. రెండుసార్లు వట్టి చేతులతో లేచాడు. మూడోసారి బెల్టు చివర పట్టుకుని లేచాడు, కళ్లనిండా బురద. వెనక బెల్టు చూడి బర్రె కాబట్టి రెండు పొరలుగా, వెడల్పుగా వేశాం. పక్కలు కట్టాం. నా తువ్వాలు తడిపి దాని కళ్లకు కప్పాను. అన్న ముందు పైకి ఎక్కాడు. బెల్టులు ఇంకోసారి తడిమి చూసుకుని నేనూ ఎక్కాను.

సైగ చేసే పని మా డ్రైవర్‌ది. క్రేన్ కొంచెం ఎత్తి ఆపింది. బెల్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి. డ్రైవర్ చేయి మళ్లీ లేచింది. బర్రె బురద వదిలించుకుని, నీళ్లు ధారగా కారుస్తూ, నాలుగు కాళ్లూ కిందికి వేలాడేసి మెల్లగా పైకి వచ్చింది. అంతమంది ఉన్నా క్రేన్ చప్పుడు, ఆ యజమాని గొంతు తప్ప ఏమీ వినిపించలేదు.

నేల మీదికి దించాక దాన్ని వెంటనే నిలబెట్టలేదు. పక్కకు పడిపోకుండా రెండు వైపులా గడ్డి మోపులు ఆనించి, ఛాతీ మీద కూర్చోబెట్టాం. తండా ఆడవాళ్లు గోనె సంచులతో దాని ఒళ్లు రుద్దారు. మండల పశువుల దవాఖాన నుంచి డాక్టర్ వచ్చాడు. సూదిమందు ఇచ్చి, చేతికి తొడుగు వేసుకుని లోపల పరీక్షించాడు. చేయి తీసి, దూడ కదులుతోందని ఆ యజమానికి చెప్పాడు. అప్పటిదాకా ఏడవని ఆమె అప్పుడు ఏడ్చింది. ముప్పావుగంట తర్వాత బర్రె లేవబోయి ముందుకాళ్ల మీద కూలబడింది. మేమెవరం లేపబోలేదు. రెండోసారి తనే లేచి నిలబడి, ఎదుట ఉన్న గడ్డి మోపు లాగి తినసాగింది.

తండాలో మాకు జొన్న రొట్టెలు, పచ్చిమిరపకాయ నూరిన చట్నీ పెట్టారు. అన్న నాలుగు రొట్టెలు తిన్నాడు. భయం పోయిందా అని అడిగాను. ఎక్కడ పోయింది, ఉన్నదున్నట్టే ఉందని చెప్పాడు. అయితే అది ఉన్నా పని అవుతుందని ఇన్నేళ్లకు తెలిసిందన్నాడు. ఇదివరకు పశువుల పిలుపు వచ్చినప్పుడల్లా బండి దగ్గర నిలబడి చేసిన పనుల గురించి కూడా చెప్పుకొచ్చాడు, సిగ్గుపడుతూ.

మూడు వారాలకు ఆ యజమాని నుంచి ఫోన్ వచ్చింది. బర్రె ఈనింది, ఆడ దూడ. ఆదివారం అన్నా నేనూ బండి వేసుకుని చూడటానికి వెళ్లాం. హైదరాబాద్ నుంచి ఆమె భర్త కూడా వచ్చి ఉన్నాడు. దూడ తల్లి కింద దూరి పాలు తాగుతోంది, నుదుటి మీద తెల్లటి మచ్చ. నేను వెళ్లి దాని వీపు నిమిరాను. అన్న దడి అవతలే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఆమె పిలిచింది.

"ఇక్కన్నుంచే మంచిగ కనిపిస్తుందమ్మా," అన్నాడు. దూడ మాత్రం ఊరుకోలేదు. ఎగురుకుంటూ దడి దగ్గరికి వచ్చి, సందులోంచి ముక్కు బయటపెట్టి ఆయన చొక్కా అంచు నోట్లో పెట్టుకుంది. ఆయన కదలకుండా, చొక్కా గుంజుకోకుండా, అది వదిలేదాకా అట్లాగే నిలబడ్డాడు.